డేవిడన్న రాసిన లైను

ఐదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రోజులు గడిస్తే బరువు తగ్గుతుందనుకున్నా. తగ్గలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం కొంచెం తేలిక. పైగా ఇవాళ నాకు చాలా సంతోషంగా ఉంది. తప్పు ఒప్పుకుంటూ సంతోషపడే మనిషి ఉంటుందా అంటారేమో. ఉంది, నేనే.

సుబేదారిలో చిన్న ఆఫీసు మాది. వేరేవాళ్ల సర్వర్లు చూసుకోవడం మా పని. సర్వర్ ఎలా ఉండాలో ఫైల్లో రాసి ఒక టూల్‌కిస్తే అదే తయారు చేస్తుంది. మనం ఏదైనా రాయకుండా వదిలేస్తే అక్కడ తనలో ముందే ఉన్న జవాబు, అంటే డిఫాల్ట్, పెట్టుకుంటుంది. మొదలుపెట్టే ముందు తాను చేయబోయే పనులన్నీ లిస్టుగా చూపిస్తుంది. ఒకరు ఫైల్ రాస్తే, పక్కన ఇంకొకరు కూర్చుని ఆ లిస్టంతా చదివి, ‘చూశాను’ అని పేరు పెట్టాకే అది పని మొదలుపెట్టాలి. అది మా ఆఫీసు పద్ధతి.

ఆ రోజు రాసింది డేవిడన్న. డోర్నకల్ నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. నాకు పని నేర్పిన మనిషి. పక్కన కూర్చుంది నేను. సర్వర్ మార్చేటప్పుడు డేటా ఉన్న పాత డిస్కు తీసేయాలా అనే చోట అన్న ‘వద్దు’ అని రాశాడు. కళ్లారా చూశాను. తర్వాత వచ్చిన లిస్టు మాత్రం చదవలేదు. అది చాంతాడంత ఉంది, నాకేమో ఆకలి. అన్న రాస్తే తప్పేముంటుందిలే అని పేరు పెట్టేసి టిఫిన్ డబ్బా విప్పాను. తిని వచ్చేసరికి డిస్కు లేదు. ఒక కోచింగ్ సెంటర్ పిల్లలు ఏడాదంతా రాసిన పరీక్షలు పోయాయి. వేరే కాపీ లేదు.

ఫైల్లో ‘వద్దు’ అని రాశాను కదా అన్నాడు అన్న. అది తర్వాత చేర్చావన్నాడు మేనేజర్. సాక్షిని నేనొక్కదాన్నే. అన్న నావైపు తిరిగాడు.

“పక్కనే ఉన్నవ్ గద చెల్లె. ఆ లైను ఉండెనా, లేదా? జర చెప్పు.”

“నేను చూసినప్పుడైతే లేదన్నా.”

ఎందుకన్నాను? లైను ఉందంటే, మరి లిస్టులో డిస్కు తీసేస్తానని ఉంటే ఎందుకు ఆపలేదని నన్నడుగుతారు. ఉద్యోగం పోతుందని భయపడ్డానా? పోయేది కూడా కాదేమో. నాలుగు మాటలు పడేదాన్ని, అంతే. ఆ నాలుగు మాటలు పడలేక, నన్ను చెల్లె అని పిలిచిన మనిషిని అందరి ముందూ అబద్ధాలకోరును చేశాను. అన్న మళ్లీ అడగలేదు. నెల తిరక్కుండా ఉద్యోగం మానేశాడు.

నేను ఆ టూల్ మీద పగబట్టాను. నిజానికి అది నామీద నేనే పట్టాల్సిన పగ. పోయిన వారం, కాశిబుగ్గలో మా ఇంట్లో కూర్చుని, ఆ రోజు వాడిన దాని పాత వెర్షన్ వెతికి పట్టుకుని ‘వద్దు’ అని రాసి కొత్త సర్వర్ కట్టించాను. డిస్కు భద్రంగా ఉంది. పది రకాలుగా చేసినా అంతే. అప్పుడు వెలిగింది. ఆ రోజు మేం కొత్తది కట్టలేదు, ఉన్నదాన్ని మార్చాం. మార్చి చూశాను. లిస్టు వచ్చింది. ఈసారి ప్రతి అక్షరం చదివాను. పాత డిస్కు తీసేస్తానని ఉంది! ‘వద్దు’ అని రాస్తే, అసలేమీ రాయనట్టే లెక్కేసుకుని, ‘తీసేయి’ అనే తన డిఫాల్ట్ పెట్టుకుంటోంది. మళ్లీ చేశాను. మళ్లీ అదే. గంతులేశాను. మా అత్తమ్మ వంటింట్లోంచి గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

ఇవాళ పొద్దున ఆఫీసులో అందరి ముందూ చేసి చూపించాను. చప్పట్లు కొట్టారు. మేనేజర్ శభాష్ అన్నాడు. ఆ చప్పట్లలోనే మిగతాది చెప్పేశాను. ఆ లైను ఉందని, నేను చూశానని, లిస్టు చదవలేదని, అబద్ధమాడానని. నాకు ఐదేళ్ల తర్వాత గుండెల నిండా ఊపిరాడింది.

సాయంత్రం డేవిడన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. క్షమించమని అడగలేదు, ఆ మొహం లేదు. పొద్దున చేసి చూపించినప్పుడు తీసిన వీడియో ఉందా, ఇంట్లో అందరికీ చూపించాలి అని మాత్రం అడిగాడు అన్న. ఇంట్లోవాళ్లు కూడా ఆ లైను రాయడం తనే మర్చిపోయి ఉంటాడని ఇన్నాళ్లూ అనుకుంటున్నారట.

వెంటనే పంపాను. చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. అన్న నన్ను క్షమించాడో లేదో నాకు తెలియదు. కానీ ఈ పూట ఆ ఇంట్లో అందరికీ తెలుసు, ఆ లైను అన్న రాశాడని.