చెంబు కనపడని ఫోటో

తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ నడిపేవాళ్లందరూ దుమ్ము తిని బతికేవాళ్లే. ఇంద్రాణి మాత్రం ఈమధ్య దుమ్ముతో పాటు కోపం కూడా దిగమింగుతోంది. ఆ కోపమంతా తన వెబ్‌సైట్ మీద.

ఫ్యాక్టరీ మామగారు పెట్టింది. ఆయన మంచాన పడ్డప్పుడు భర్త దివాకర్ రాజకీయాలంటూ నాయకుల కార్ల వెంట తిరుగుతుంటే, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని ఇంద్రాణే వచ్చి యార్డులో కూర్చుంది. ఆడమనిషి బండల బేరం చేస్తుందా అని నవ్వినవాళ్లే తర్వాత ఆమెతో బేరమాడి ఓడిపోయారు. బండ చూపించడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. గిరాకీ వచ్చి నల్లబండ ముందు నిలబడగానే, పక్కనున్న డ్రమ్ములోంచి చెంబుతో నీళ్లు ముంచి ఒక్క పోత పోసేది. బూడిద పట్టినట్టున్న రాయి కాస్తా కాటుకలా నల్లగా తేలేది. ఆ ఊళ్లో ఏ ఫ్యాక్టరీకి పోయినా బండ చూపించే పద్ధతి అదే. నీళ్లు పోస్తే తప్ప రాతిలోని చారలూ పగుళ్లూ బయటపడవు. ఆ సంగతి అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు.

అంతలో టైల్స్ వచ్చిపడ్డాయి. లారీలు పెట్టుకుని వచ్చే పాత వ్యాపారులు ఒక్కొక్కరే మొహం చాటేశారు. ఇక దిక్కు లేక అనంతపురంలో కంప్యూటర్ షాపు నడిపే సందీప్‌తో వెబ్‌సైట్ చేయించింది. "దసరా వరకూ చూస్తా. అప్పటికీ గిరాకీ నిలబడకపోతే యార్డు లారీలోళ్లకు బాడుగకిస్తా" అని దివాకర్ తేల్చి చెప్పేశాడు. యార్డు లేకపోతే తనేమిటో ఇంద్రాణికి తెలియదు. వంటింట్లో కూర్చుని సీరియళ్లు చూసే ఓపిక ఆమెకు ఎప్పుడూ లేదు.

గిరాకీ రాలేదా అంటే వచ్చింది. బెంగుళూరు నుంచి వచ్చింది, హిందూపురం నుంచి వచ్చింది. ఫోటోలు చూసి ఒకసారి తెప్పించుకున్నారు, మళ్లీ ఇటు తొంగిచూసిన పాపాన పోలేదు. ఇల్లు కట్టేవాడు ఒకసారితో ఆగడు. కింద పరిచినవాడు పైన కూడా పరుస్తాడు, వాడి బావమరిది అడ్రసు అడుక్కుని మరీ వస్తాడు. బండల వ్యాపారం నడిచేదే రెండోసారి వచ్చేవాళ్లతో.

"సైటు పాతగుండాదక్కా, అందుకే" అన్నాడు సందీప్. రంగులు మార్చాడు. ఫోటోలు వాటంతటవే జరిగిపోయేట్టు పెట్టాడు. మూలన వాట్సాప్ గుర్తు పెట్టాడు. ఎవరో దొరసాని నేలమీద కూర్చుని కాఫీ తాగుతూ నవ్వే బొమ్మ కూడా తెచ్చి అతికించాడు. ఆ దొరసాని కూర్చున్నది తాడిపత్రి బండ మీద కాదని కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది. ఇంద్రాణికి ఒళ్లు మండిపోయింది.

"ఏమప్పా సందీపా, ఈమెను జూసి ఎవురన్నా బండలు కొంటారా? ముందు ఈమెను లేపి పంపీ" అంది.

దొరసాని పోయింది, గిరాకీ మాత్రం తిరిగి రాలేదు. పైగా సైట్ అడుగున జనం రాతలు మొదలుపెట్టారు. ఫోటోలో ఒక రంగు, ఇంట్లో ఒక రంగు. అచ్చమైన మోసం. ఆ చివరి మాట చూసినప్పుడల్లా ఆమెకు చెంప మీద కొట్టినట్టయ్యేది. ఇన్నేళ్లలో ఒక్క పగులు బండ అంటగట్టి ఎరుగదు. రాసిన ప్రతివాడికీ ఫోన్ చేసి పోట్లాడింది. పోట్లాడిన ప్రతివాడూ ఇంకో రెండు ముక్కలు ఎక్కువే రాశాడు.

ఒక మధ్యాహ్నం యార్డు ముందు ఆటో ఆగింది. దిగింది అనంతపురం టీచరమ్మ పుష్పావతి. వేసవికి ముందు సైట్ చూసి, తన కొత్తింటి హాలుకు నల్లబండ తెప్పించుకున్న మనిషి. సంచిలోంచి ఒక బండ ముక్క తీసి నేలమీద పెట్టింది. దాని పక్కన ఫోన్ పెట్టి సైట్‌లోని ఫోటో చూపించింది.

"ఈ రెండూ ఒగటేనా? నువ్వే చెప్పమ్మా."

"ఒగటే" అంది ఇంద్రాణి. "ఆ ఫోటో నా ముందరే తీసినారు. మా బండ రంగు మారదు, కావాలంటే చూడు." మాట పూర్తికాకముందే ఆమె చెయ్యి డ్రమ్ములోకి పోయింది. చెంబెడు నీళ్లు ముక్క మీద పోసింది. నలుపు నిగనిగలాడుతూ పైకి తేలింది. అచ్చం ఫోటోలోలాగే. ఇప్పుడేమంటావన్నట్టు ఇంద్రాణి నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

పుష్పావతి కొంగు నెత్తిన కప్పుకుని అలాగే చూస్తూ నిలబడింది. తాడిపత్రి ఎండ తాడిపత్రి ఎండే. మొదట అంచులు ఆరాయి, తర్వాత నడిమధ్య కూడా ఆరింది. చూస్తుండగానే రాయి మళ్లీ బూడిద రంగుకొచ్చింది.

"మా వీధిలో తాగే నీళ్లకే ట్యాంకరు ముందర కొట్లాడతాండాము. హాలుకు దినామూ నీళ్లు పోస్తా ఎవరు కూర్చోవల్ల?" అంది పుష్పావతి. గొంతు పెంచలేదు. ముక్కను అక్కడే వదిలేసి ఆటో ఎక్కింది.

ఇంద్రాణి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. ఫోటోలు తీసేనాడు నీళ్లు పోయమని సందీప్ చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. తనే వరసగా ప్రతి బండ మీదా నీళ్లు పోసింది. బండ చూపించడమంటే నీళ్లు పోయడమే కదా. యార్డుకొచ్చినవాడు తన చేతిలో చెంబు చూస్తాడు. ఫోన్‌లో చూసేవాడికి ఆ చెంబు ఎక్కడ కనపడుతుంది? సిగ్గుతో ఆమె మొహం ఎర్రబడింది. సందీప్‌ను తిట్టింది, దొరసానిని తిట్టింది, రాసినవాళ్లందరినీ తిట్టింది. తిట్టాల్సింది తనను.

వెంటనే సందీప్‌కు ఫోన్ చేసింది. "ఉన్న ఫోటోలన్నీ తీసేయ్. ప్రతి బండకూ ఎండినదీ తడిసినదీ పక్కపక్కనే పెట్టల్ల. తడిదాంట్లో నా చెయ్యీ చెంబూ కనపడల్ల."

"ఎండినవి బూడిద లెక్కుంటాయక్కా. పక్క ఫ్యాక్టరీవి అద్దాల మాదిరి మెరుస్తాంటే మనవి ఎవురు జూస్తారు?"

"చూడకపోతే పోనీ. నన్ను ఇంగొకడు మోసగత్తె అంటే నేను తట్టుకోలేను."

సందీప్ చెప్పినట్టే అయింది. కొత్త ఫోటోలు ఎక్కాక ఫోన్లు సగానికి సగం పడిపోయాయి. ఒకడైతే మీ బండలకు జబ్బు చేసిందా అని అడిగాడు. దసరా ముంచుకొస్తోంది. దివాకర్ ఒక పొద్దున లారీల ఓనరును వెంటబెట్టుకొచ్చి, ఏ లారీ ఎక్కడ నిలపాలో చేత్తో చూపిస్తున్నాడు. ఇంద్రాణి అటు తిరిగి పళ్లు నూరుతోంది. అప్పుడే ఫోన్ మోగింది.

"నేను పుష్పావతిని. మేడమీదికి బండలు కావల్ల. సైటులో చూసినాలే. ఇప్పుడుండేది మా హాల్లో రంగే. పైనా అదే ఏస్తే కలిసిపోతాదని మేస్త్రీ అన్నాడు."

సంతోషపడాల్సిన మాటకు ఇంద్రాణికి ఎక్కడలేని కోపం వచ్చింది. ఇన్ని నెలల కోపం. "మొదట్నుంచీ అదే బండమ్మా" అంది. తర్వాత తేరుకుని కొలతలు అడిగి రాసుకుంది.

ఫోన్ పెట్టేసరికి దివాకర్ వెనక నిలబడి ఉన్నాడు.

"ఎవురు?"

"పాత గిరాకీ" అంది ఇంద్రాణి. వెబ్‌సైట్ పెట్టాక ఆ మాట అనడం ఆమెకు అదే మొదలు.