పిట్టల తొట్టి, పక్కింటి సిస్టరమ్మ

తొంభైలు మొదలైన కొత్తల మేము జమ్మికుంటల, పత్తి మార్కెట్‌కు దగ్గర్ల ఒక పెంకుటింట్ల ఉండేటోళ్ళం. నేను ప్రైమరీ బడిల టీచర్‌ను. మా ఆయన ఊరవతల చెల్కల పత్తి పెట్టేటోడు. మా అత్త, మా బిడ్డ, మేమిద్దరం, గంతే. ఇంటెనుక పెరట్ల కరివేపాకు చెట్టు కింద పాత రాతి తొట్టి ఒకటి ఉండె. ఎప్పుడో లేగదూడలకు నీళ్ళు పెట్టినదట. జానెడు లోతు కూడా లేదు. ఒక ఎండకాలం, బాసాండ్లు తోమే బండ మీద సబ్బు నీళ్ళ కోసం పిచ్చుక ముక్కు పెడుతుంటే చూడలేక, ఆ తొట్టి కడిగి నీళ్ళు పోసిన. అప్పటి సంది అది పిట్టల తొట్టి అయింది.

నీళ్ళు పోసుడు అల్కటి పనే. దాన్ని సాఫ్‌గా ఉంచుడే కష్టం. రెండు దినాలకొకసారి నీళ్ళన్ని పారబోసి, కొబ్బరి పీచుతోటి, బూడిదతోటి రుద్దేదాన్ని. ఒక్కరోజు బద్దకమైతే అడుగున పాచి పట్టి వేళ్ళు జారుతుండె. మూడో దినానికి దోమ పురుగులు మెలికలు తిరిగేటివి. పత్తి సీజన్ల మార్కెట్ దిక్కు నుంచి దూది పింజలు ఎగిరొచ్చి నీళ్ళ మీద తేలేటివి, వాటిని చేత్తో ఏరేదాన్ని. చిన్న పిట్టలు నిలవడానికి నడుమ రెండు పలుగురాళ్ళు పెట్టిన.

మా అత్తది ఒక్కటే షరతు. "ఇంట్ల బిందె, చెంబు గా పిట్టల రెట్ట కాడికి తీస్కపోకు."

అందుకని ఒక డాల్డా డబ్బా వేరే పెట్టుకున్న. బోరింగు కాడ నింపుకొచ్చి పోసేదాన్ని. ఆ యేడు దసరా ముంగట దాని అడుగు తుప్పు పట్టి కారుడు మొదలుపెట్టింది. మా ఆయన ఇంకో రేకు డబ్బా పైభాగం కోసి తెచ్చిచ్చిండు.

పక్కిల్లు సిస్టరమ్మది. మిషన్ దవాఖానల నర్సుగా చేసి రిటైరైంది, పెండ్లి చేసుకోలే. ఆదివారం తెల్లచీర కట్టుకొని చర్చికి పోయేది. కడమ దినాలు పెరట్ల చెట్లే ఆమె లోకం. మా రెండు పెరండ్ల నడుమ మట్టిగోడ, వానకు ఒక పక్క కూలి, మనిషి దూరేంత సందు పడ్డది. "టీచరమ్మా, నీ పిట్టలు నా చీరల మీద రెట్టలేస్తున్నయి" అని రెండుసార్లు అన్నది. నవ్వుకుంటనే అన్నది గని నా మనసుల ఉండిపోయింది.

దసరా సెలవులైనంక ఒకనాడు బడినుంచి వచ్చి చూస్తే తొట్టి ఖాళీ. పొద్దుగాల నిండుగ పోసిన నీళ్ళు. తొట్టి పగిలిందేమోనని వేలుతోటి అంతా తడిమిన, పగుల్లేదు. చుట్టూ మన్ను కూడా పొడిగనే ఉన్నది. మళ్ళ నింపిన. తెల్లారి సాయంత్రం మళ్ళ గట్లనే.

"పిట్టలు గన్ని నీళ్ళు తాగుతయా అత్తా?" అని అడిగిన.

అత్త గోడ దిక్కు గదుమ ఎత్తి చూపించింది. "ఇంకెవలు? గామెకే కండ్లమంట."

నాలుగో దినం తొట్టి పక్కన గోరింక చచ్చి పడి ఉన్నది. కాళ్ళు ముడుచుకున్నది, ఒంటి మీద పిల్లి పట్టిన గాటు లేదు. రెండు దినాలకు ఇంకోటి.

ఇగ నా బుద్ధి ఒకటే దిక్కు ఉరికింది. సిస్టరమ్మ ఇంట్ల అల్మార నిండ మందు సీసాలు. మా బిడ్డకు జరమొస్తే ఆమెనే గోళీలిచ్చేది. ఇంట్ల మిగిలిన ఆ గోళీలను తీసి కుప్పల పారేసిన. ఆమె గిన్నెల పెట్టి పంపిన సేమియా మా బిడ్డ నోటిదాక పోనియ్యలే. బడిల తోటి టీచర్లకు కూడా చెప్పిన. "పైకి ప్రార్థనలు, లోపల చూడు" అని నేనన్న మాట ఇప్పటికీ నాకు యాదికొస్తే సిగ్గైతది.

ఎట్లనన్న పట్టుకోవాలని ఒక ఆదివారం, ఆమె చర్చి నుంచి వచ్చినంక, గోడ కాడ నిలబడి గట్టిగ చెప్పిన. "అంగడికి పోతున్న సిస్టరమ్మా, అత్తను జర చూస్తుండు." సంచి పట్టుకొని ముంగటి తలుపుల నుంచి ఎల్లి, గల్లీ తిరిగొచ్చి వంటింటి కిటికీ ఎనుక కూసున్న.

ఎక్కువసేపు కాలే. గోడ సందుల నుంచి సిస్టరమ్మ వచ్చింది. ఒక చేతిల బకెట్, ఒక చేతిల గాజు సీసా. తొట్టి కాడ కూసొని సీసా మూత తీసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క ఉరుకు ఉరికిన.

"ఏం పోస్తున్నవ్ నా తొట్ల?"

ఆమె ఉలిక్కిపడలే. సీసాను తొట్టిల ముంచి నింపి, ఎండకు ఎత్తి చూసింది. "పోస్తలేను, తీస్తున్న. నువ్వేం పోస్తున్నవో చెప్పు."

"నేనా?"

"నా జామచెట్టు కింద నాలుగు పిట్టలు చచ్చినయి. నా చేతులతోటి పాతిపెట్టిన. అన్ని నీ తొట్టి కాడికెళ్ళి వచ్చినయే. మీ ఆయన వాకిట్ల జొన్నలు ఆరబోసిండు గదా, పిట్టల పీడ పోవాలని నువ్వే మందు పెడుతున్నవనుకున్న. అందుకే నువ్వు బడికి పోంగనే ఈ నీళ్ళు బకెట్‌కెత్తి నా పెరట్ల గుంత తీసి పోస్తున్న."

ఇన్ని దినాలు ఆమె కూడా నన్ను కిటికీలకెళ్ళి చూస్తున్నదన్నట్టు.

"దేనితోటి కడుగుతవ్?" అని అడిగింది. పీచు చూపించిన, బూడిద చూపించిన. వాసన చూసి పక్కన పెట్టింది. "నీళ్ళు దేనితోటి తెస్తవ్?" డబ్బా ఇచ్చిన. ఆమె చీపురుపుల్ల విరిచి డబ్బా అడుగున రేకు మడతల తిప్పింది. పుల్లకు జిడ్డు అంటింది. ముక్కు కాడ పెట్టుకొని ఎంటనే దూరం జరిపింది.

"పత్తి పురుగుల మందు. ఇది కొట్టుకుంట కొట్టుకుంట చేన్ల పడిపోయినోళ్ళను బండ్లమీద తెచ్చేటోళ్ళు మా దవాఖానకు. ఈ వాసన నాకు ఎరుకే."

పిట్టలకు మందు పోసింది నేనే. నా చేతులతోటి, రోజూ, సాఫ్‌గా కడిగి మరీ.

పొద్దుమూకి మా ఆయన వస్తే అడిగిన. "మందు డబ్బానే గని, మూడుసార్లు కడిగి ఇచ్చిన గదా" అన్నడు. "ఊరంతా గట్లనే వాడుతున్నరు, ఏమైంది?" సిస్టరమ్మ నలుగురికి చెప్పి మన పరువు తీస్తదని ఆయనకు ఫికర్. నాకు మాత్రం ఇంట్ల ప్రతి రేకు డబ్బా మీద అనుమానం పుట్టింది. అటక మీదికెక్కి ఎతికిన. అత్త అనుములు పోసి మూత పెట్టిన డబ్బా కూడా అదే రకం. ఆ అనుములు మేము రెండుసార్లు వండుకున్నం. అత్త తిడుతుంటే వినకుండ అన్నీ తీస్కపోయి గుంతల పోసి, డబ్బాలు నలగ్గొట్టి పాతిపెట్టినం. గుంత తవ్వింది సిస్టరమ్మనే.

తొట్టిని ఇద్దరం కలిసి బట్టల సోడతోటి మస్తుసార్లు కడిగినం. పలుగురాళ్ళు పారేసినం. తొట్టిని నెల దినాలు ఎండకు వదిలేసినం. సోమవారం బడికి పోయి, నేనన్నది తప్పని టీచర్లకు చెప్పిన. ఒకామె నమ్మలే. "ఆమె నిన్ను మాటలతోటి మార్చింది" అన్నది. సిస్టరమ్మ కూడా చర్చిల నా గురించి చెప్పి ఉన్నదట, ఆమె కూడా పోయి మాట ఎనుకకు తీసుకున్నది.

నెలైనంక కొత్త ప్లాస్టిక్ మగ్గుతోటి తొట్టి నింపినం. పది దినాలు ఏదీ రాలే. తర్వాత ఒక పొద్దుగాల కాకి వచ్చింది. ఎక్కడిదో ఎండిన రొట్టెముక్క తెచ్చి నీళ్ళల్ల నానబెట్టి, సగం తిని సగం అండ్లనే వదిలేసి పోయింది. కడిగిన నీళ్ళు మళ్ళ మురికైనయని నేను దాన్ని కొట్టబోయిన.

"ఉండనియ్యి, టీచరమ్మా" అన్నది సిస్టరమ్మ.

"రోజూ గిట్లనే చేస్తది. కడిగేదెవలు?"

"ఒకరోజు నువ్వు, ఒకరోజు నేను" అనుకుంట గోడ సందుల నుంచి వచ్చి, కొంగు నడుముకు చెక్కి, పీచు అందుకున్నది.