అవ్వ నాలిక

మా బిడ్డను బడిల ఎయ్యడానికి ఫారం నింపుతుంటే ‘మదర్ టంగ్’ అన్న గడికాడ నా పెన్ను ఆగింది.

చిన్నప్పుడు నన్ను ఇంగ్లీష్ మీడియంల చేర్పియ్యడానికి మా అమ్మ బీడీల చాట పక్కకువెట్టి బోధన్‌ల బడికొచ్చింది. అమ్మను నేను అవ్వ అంట. “మదర్ టంగ్?” అని మేడం అడిగితే అవ్వ నా దిక్కు సూసింది. మదర్ అంటే అమ్మ, టంగ్ అంటే నాలిక. నాకొచ్చిన ఇంగ్లీషంత గదే.

“అవ్వా, నీ నాలిక సూపెట్టుమంటున్నది.”

దవాఖానల సూపెట్టినట్టే అవ్వ నాలిక బయటవెట్టింది. ఆఫీసుల అందరు నవ్విండ్రు. సంగతి తెల్వకున్నా నేను గూడ నవ్విన. ఆ తర్వాత అవ్వ మా బడిల ఎన్నడు నోరు తెరువలే.

ఇప్పుడు ఆ గడిల ‘ఇంగ్లీష్’ అని రాసిన.

పక్కన కూసున్న అవ్వ అడిగింది, “ఏం రాసినవ్ బిడ్డా?”

“తెలుగే అవ్వా” అని తెలుగులనే అబద్ధమాడిన.