మొదటి బల్ల మీద గడ్డి ట్రాక్టరు

అసూయ ఉందని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఉంది. మా తోడికోడలి మీద ఉంది. నగలు చూసో, ఇల్లు చూసో కాదు. ఆ విషయంలో ఇద్దరం ఒకటే, ఇద్దరికీ చెప్పుకోదగ్గవేమీ లేవు. ఆవిడ ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన ఒక గడ్డి ట్రాక్టరును చూసి నాకు కడుపు మండిపోయింది. చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకేం!

మాది తెనాలి. ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలూ సైన్సూ చెబుతాను. మా అమ్మాయి చిన్నప్పుడు ఆడుకుని వదిలేసిన బొమ్మ ఇటుకల డబ్బా ఒకటి మా అటక మీద ఉండేది. ఒకదాని గుబ్బల మీద ఇంకొకటి పెట్టి నొక్కితే టక్కున అతుక్కునే ముక్కలు. ఒక వేసవి సెలవుల్లో అటక దులుపుతూ దాన్ని కిందికి దించాను. పాత సామాన్లవాడికి వేసేద్దామనే అనుకున్నాను. వేసేముందు ఊరికే నాలుగు ముక్కలు నొక్కి చూశాను. సాయంత్రానికి అది ఆటో ముందు భాగంలా తయారై కూర్చుంది. ఇక వదల్లేదు.

డబ్బా మీది బొమ్మ చూసి కట్టేది కాదు నా పని. మన రోడ్ల మీద తిరిగే బండిని కళ్ళతో కొలుచుకుని సొంతంగా కట్టాలి. దుగ్గిరాల నుంచి తెనాలి వచ్చే షేర్ ఆటో కట్టాను. డ్రైవరుకు అటొకరు ఇటొకరు, వెనక సీట్లో నలుగురు, ఆ వెనక కాళ్ళు బయటికి వేలాడేసుకుని ఇద్దరు, పైన ఒక పసుపు బస్తా. దానికి దగ్గర దగ్గర ఎనిమిది నెలలు పట్టింది. పూర్తయిన రోజు పొద్దున్నే టిఫిన్ బల్ల మీద పెట్టి మా ఆయన్ని పిలిచాను. ఆయన చూసి, "బాగుందే, చట్నీలో ఉప్పు తగ్గింది" అన్నారు. రెండూ ఒకే ఊపిరిలో.

ఆ మాటకు ఎంత ఏడుపొచ్చిందో! ఇరవై ఏళ్ళుగా నా చేతులు ఊరుకున్నది లేదు. వండినవి తినేస్తే అయిపోయాయి, బోర్డు మీద రాసినవి గంట కొట్టగానే తుడిచేశారు. నేను చేసినది ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఎవరైనా ఆగి, వంగి చూసి, "ఇది ఎవరు చేశారు?" అని అడగాలని నా ఆశ. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

ఇలాంటి పిచ్చి ఉన్నది నాకొక్కదానికే కాదని తర్వాత తెలిసింది. బాపట్లలో రిటైరైన డ్రాయింగ్ మాస్టారొకాయన మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో ఒక వాట్సాప్ గ్రూపు నడుపుతున్నారు. అందరూ ఇటుకలతో బండ్లు కట్టేవాళ్ళే. ఆ గ్రూపులో ఒకటే కట్టుబాటు. జిగురు వాడకూడదు. జిగురు పెట్టి అతికించినది ఎంత అందంగా ఉన్నా దాన్ని బండి కింద లెక్కవేయరు. జిగురు పెట్టాడని తేలినవాడి ఫొటోకు ఆ తర్వాత ఎవరూ జవాబివ్వరు. ఊళ్ళో వెలేసినట్టే.

ఇక మా తోడికోడలు. మా మరిది భార్య. ఉండేది రేపల్లెలో, ఇంటి దగ్గరే జాకెట్లు కుడుతుంది. ఒకసారి పెళ్ళికని తెనాలి వచ్చి మా ఇంట్లో రెండు రోజులుంది. నా ఆటో చూసి, "అక్కా, ఇది నాకూ నేర్పుతారా?" అంది. నాకు కొమ్ములొచ్చాయి. గురువునయ్యాను కదా! ముక్కల్ని రంగులవారీగా కాదు, ఆకారాలవారీగా వేరు చేసుకోవాలని, గుబ్బల్ని పక్కకి తిప్పి ఎలా అతికించాలో, చక్రం ఇరుసు ఎలా బిగించాలో అన్నీ చూపించాను. వెళ్ళేటప్పుడు నాకెందుకూ పనికిరావని గోధుమరంగు సన్నపు పుల్లల్లాంటి ముక్కలు ఒక సంచీడు ఇచ్చి పంపాను. గ్రూపులో చేర్పించింది కూడా నేనే. నా చేతులతో నేనే!

ఆరు నెలలు చప్పుడు లేదు. ఒక ఆదివారం గ్రూపులో ఫొటో పెట్టింది. గడ్డి ట్రాక్టరు. కోతలయ్యాక భట్టిప్రోలు రోడ్డులో ఎదురొస్తాయి చూడండి, వెనక తగిలించిన ట్రక్కుకి రెండు వైపులా గడ్డి పొంగిపోయి, బస్సు కూడా రోడ్డు దిగి ఆగాల్సి వస్తుంది. అచ్చం అదే. ట్రాక్టరు చిన్నది, ట్రక్కు చిన్నది, గడ్డి మాత్రం ఆకాశమంత. అది రెండు పక్కలా ఆనుకోవడానికి ఏమీ లేకుండా గాల్లోకి పొడుచుకొచ్చింది. నేను పనికిరావని ఇచ్చిన ముక్కలతోనే.

గ్రూపంతా ఎర్ర గుండె బొమ్మలు కురిపించింది. అదిరిందన్నారు, చేతులకు దండం అన్నారు. నా ఆటోకు వచ్చినవి ఆరు బొటనవేళ్ళు, అందులో ఒకటి మాస్టారు మొహమాటానికి పెట్టింది. నేను కూడా ఒక బొటనవేలు పెట్టి, ఫోను బోర్లా పడేసి, వంటింట్లోకి పోయి బీరకాయలు తరిగాను. వాటి మీద నా కసి ఎంత తీర్చుకున్నానంటే ఆ పూట కూర గుజ్జయిపోయింది.

నెల తర్వాత మాస్టారు బాపట్లలో ఒక కల్యాణ మండపం హాలులో ఒకరోజు ప్రదర్శన పెడుతున్నామన్నారు. తలుపు ఎదురుగా ఉండే మొదటి బల్ల మీద ఒకే ఒక్క బండి పెడతారట. వచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందు ఆగాల్సిందే. ఆ బల్ల నాదేననుకున్నాను. గ్రూపులో సీనియర్ని, నా ఆటో మీద నాకా మాత్రం నమ్మకం ఉంది. మాస్టారు ఫోన్ చేసి, "అమ్మా, మొదటి బల్ల మీద మీ తోడికోడలుగారి ట్రాక్టరు పెడదామనుకుంటున్నాం. మీ ఆటో కిటికీ దగ్గర, మంచినీళ్ళ క్యాను పక్కన పెడతాం. మీకు సంతోషమే కదమ్మా?" అన్నారు. "ఎందుకు కాదండీ, చాలా సంతోషమండీ" అన్నాను. పళ్ళు నూరుతూ మాట్లాడటం కూడా వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

అప్పటినుంచి నా బుర్రలో ఒకటే పురుగు. జిగురు. ఆ గడ్డి జిగురు లేకుండా నిలబడదు. మధ్యలో ఒక పని మీద రేపల్లె వెళ్ళినప్పుడు కుట్టుమిషను పక్కన బల్ల మీద దాన్ని కళ్ళారా చూశాను. అంచున ఒక పుల్ల ముట్టుకోబోతే, "అయ్యో వద్దక్కా, పడిపోద్ది!" అని నా మణికట్టు పట్టుకుంది. పడిపోతుందా? పడిపోయేదైతే రేపల్లె నుంచి బాపట్ల దాకా ఆ గుంతల రోడ్డులో బస్సులో ఎలా తీసుకెళుతుంది? పడిపోదు కాబట్టే తీసుకెళుతుంది, జిగురు పెట్టింది కాబట్టే పడిపోదు. లెక్కల టీచర్ని, మెట్టు మెట్టుకీ సమాధానం తెచ్చుకున్నాను. ఎలా తీసుకెళతావమ్మా అని ఒక్క మాట అడిగితే పోయేది. అడగలేదు.

ప్రదర్శన రోజు నేను తెనాలి నుంచి రైల్లో తొమ్మిదింటికి బాపట్ల చేరాను. ఆవిడ తెల్లవారుజామునే మొదటి బస్సుకి వచ్చేసిందట. మొదటి బల్ల మీద ట్రాక్టరు సిద్ధంగా ఉంది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి, "అక్కా, మీ ఆటోకి అక్కడ వెలుతురు బాగుంటది, నేనే తుడిచి పెట్టాను బల్ల" అంది. ఆ మంచితనం చూస్తే ఇంకా ఒళ్ళు మండింది. కాసేపటికి మాస్టారూ మిగతావాళ్ళూ కింద టిఫిన్‌కి వెళ్ళారు. ఆవిడ కూడా, "చేతులు కడుక్కొస్తానక్కా" అని వెళ్ళింది.

హాల్లో నేనూ ట్రాక్టరూ మిగిలాం.

నిజం చెబుతున్నాను, పాడుచేయాలని కాదు. ఒక్క పుల్ల లాగుదాం, రాకపోతే జిగురు ఉన్నట్టే, మాస్టారు రాగానే చూపిద్దాం అనుకున్నాను. అంచున కింద వరసలో, నాలుగైదు పుల్లలు కలిపి చేసిన ఒక చిన్న గడ్డిమోపు పట్టుకుని లాగాను. అది వెన్నలా వచ్చేసింది. రాకూడదని ప్రాణం పెట్టుకుని లాగినది వచ్చేసింది! మరుక్షణం ఆ పక్క మోపులన్నీ జారాయి, వాటి వెంట నడుమవి, వాటి వెంట అవతలి పక్కవి. బల్ల మీంచి నేల మీదికి ఆ పుల్లలు రాలుతున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. జిగురు లేదు. చుక్క లేదు. ఆ మోపులు ఒకదానికొకటి అసలు అతికించి కూడా లేవు.

తలుపు దగ్గర ఆవిడ నిలబడి ఉంది, తడి చేతులతో.

"ఫ్యాను గాలికి పడిపోయిందమ్మా" అన్నాను. నోరు తనంతట తనే అనేసింది.

ఆవిడ పైకి చూసింది. "కరెంటు లేదు కదక్కా" అంది, మెల్లిగా. కింద కూర్చుని పుల్లలు ఏరడం మొదలుపెట్టింది. నాకు నేల బద్దలై లోపలికి పోతే బాగుండుననిపించింది. పోలేదు కాబట్టి నేనూ కూర్చుని ఏరాను.

"గంటలో జనం వస్తారు. ఒక్కదాన్ని చేయలేను. మీరు అంచులు పట్టుకోండి" అంది. అప్పుడు చూశాను ఆ పని. మేం ఇటుకల్ని గోడలా కిందినుంచి పైకి నొక్కుకుంటూ పోతాం. ఆవిడ అలా చేయలేదు. ముందు అంచున మోపులు వేసింది, తలలు బయటికి, తోకలు లోపలికి. ఆ తోకల మీద నడుమ మోపు కూర్చోబెట్టింది. మళ్ళీ అంచు, మళ్ళీ నడుమ.

"మా నాన్న గడ్డి ఎత్తేటప్పుడు నేను ట్రక్కు మీద నిలబడి తొక్కేదాన్నక్కా. నడుమ బరువే అంచుని పట్టుకుంటది. తాడు వేయకముందే నిలబడాలి, అప్పుడే మంచి ఎత్తుబడి అంటారు. అందుకే దీన్ని సంచుల్లో తెచ్చి ఇక్కడ పేర్చా. ఇంట్లో కట్టి తేలేం" అంది.

బరువెక్కడ పడాలో, ఏది దేన్ని పట్టి ఉంచుతుందో ఏటా పిల్లలకు బోర్డు మీద గీసి చెప్పేదాన్ని నేను. నా కళ్ళముందు ఉన్నది నాకు అర్థం కాలేదు. సిగ్గుపడాల్సిన చోట కూడా, ఇది నాకెందుకు తట్టలేదా అని కుళ్ళుకున్నాను. చేతులు అంచులు పట్టుకున్నాయి, లోపల మాత్రం అదే మంట.

పదిన్నరకు తలుపులు తీశారు. అప్పటికి గడ్డి మళ్ళీ నిలబడింది, పొద్దున్నకంటే ఒక వరస తక్కువగా. చేబ్రోలు వైపు నుంచి మనవరాలితో వచ్చిన వయసు మళ్ళిన ఒక రైతు అందరికంటే ముందు లోపలికొచ్చి ఆ బల్ల దగ్గర ఆగిపోయాడు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, చాలాసేపు చూశాడు.

"గడ్డి ఎత్తడం తెలిసినోళ్ళు చేశారమ్మా ఇది. ఎవరు చేశారు?" అన్నాడు.

నేనూ ఆవిడా పక్కపక్కనే ఉన్నాం. ఆవిడ నావైపు చూసింది. జవాబు నాకు వదిలేసింది. ఏళ్ళ తరబడి ఎవరో ఒకరు నన్ను అడగాలనుకున్న మాట అది.

"మేమిద్దరమేనండి" అన్నాను.

"అట్టాగా! మరి అంచు ముందా, నడుమ ముందా?" అని నన్నే అడిగాడు ఆయన, పరీక్ష పెట్టినట్టు.

"అంచేనండి. తలలు బయటికి, తోకలు లోపలికి. నడుమ బరువు వాటి మీద కూర్చోవాలండి" అన్నాను, గడగడా.

"శభాష్ అమ్మాయ్!" అన్నాడు. ఇంకో నలుగురు చుట్టూ చేరారు. ఎవరో ఫొటో తీశారు. మాస్టారు దూరం నుంచి చెయ్యెత్తి నవ్వారు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా తోడికోడలు పక్కన లేదన్న సంగతి కాసేపటికి గాని గమనించలేదు.

ఆవిడ కిటికీ దగ్గర ఉంది. మంచినీళ్ళకని వచ్చిన వాళ్ళను ఆపి నా ఆటో చూపిస్తోంది. ఒళ్ళో సంచీ పెట్టుకున్న ముసలమ్మను చూడండి అంటోంది, డ్రైవరు ఒక పక్కకి ఎలా ఒరిగి కూర్చున్నాడో చూడండి అంటోంది. నేను పనిగట్టుకుని పెట్టినా ఇంట్లో ఎవరి కంటా పడని వెనక లైటు పగులు దగ్గరికి వేలు పెట్టి చూపిస్తోంది. జనం నిజంగానే వంగి చూస్తున్నారు. వాళ్ళలో ఒకావిడ, "ఇది కూడా మీరిద్దరే చేశారా?" అని అడిగింది.

"లేదండీ" అంది మా తోడికోడలు, నాకు వినబడేంత గట్టిగా. "ఇది మా అక్కయ్య ఒక్కరే చేశారు. నేను ముట్టుకోను కూడా లేదండి."