నీలం చెప్పులు

కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రీవి పాము చెవులు. చక్రం నాలుగు చుట్లు తిప్పించి వింటే చాలు, రోగం ఎక్కడుందో చెప్పేసేవాడు. అలాంటి చెవులకే ఇలాంటి గతి పట్టిందంటే ఏమనాలో నాకైతే తెలీదు.

షాపు అంటే ఇంటి ముందుగదే. గోడ పొడుగునా అరలు, అరల్లో విప్పి పెట్టిన మిషన్లు. మేస్త్రీ నోట్లో నాలుక లేని మనిషి. వచ్చినవాళ్ళతో మాట్లాడేదంతా ఆయన భార్యే. ఆయన చేతులు పొద్దస్తమానం నూనెలో ఉంటాయి, కాగితం పట్టుకుంటే అది నల్లబడి ఊరుకుంటుంది. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. ఎవరే మిషను తెచ్చినా వాళ్ళు చెప్పుకున్న బాధ తన మాటల్లో ఫోనులో రికార్డు చేసేది. ఆయన చిటికెన వేలితో నొక్కి వినేవాడు.

"ఇది టీచరమ్మది. కింద దారం ముద్దకడుతోందిట. షటిల్లో పీచుందేమో చూడండి. చూశాక అన్నానికి రండి, పదిసార్లు పిలిపించుకోకండి."

ఇదే వరస. సరసాలూ లేవు, ముచ్చట్లూ లేవు. అలాంటివి నూటపన్నెండు పోగయ్యాయి.

ఆ రికార్డు చేసే యాప్ ఊరికే వచ్చింది. ఊరికే వచ్చింది ఊరికే ఉంటుందా? ప్రతి రికార్డుకీ ముందు ఒక ప్రకటన. మేస్త్రీకి ఒళ్ళు మండిపోయేది. "నా పెళ్ళాం మాట నేను వినడానికి మధ్యలో వీడి పెత్తనమేంటి?" అనేవాడు. నెలకింతని కట్టేస్తే పోతుంది కదా అని కూతురనేది. ఆవిడ ఒప్పుకుంటేనా!

"పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడారట మీలాంటివాళ్ళే. వాళ్ళు మాత్రం గాలి తిని బతుకుతారా? కాసేపు ఓపిక పట్టండి."

"ఊరికే ఇవ్వట్లేదమ్మా వాళ్ళు. నువ్వేం చూస్తున్నావో, దేని దగ్గర ఆగుతున్నావో అన్నీ రాసుకుంటున్నారు," అనేది కూతురు.

"రాసుకోనీవే. నా గురించి రాసుకునేవాళ్ళు ఇంకెవరున్నారు గనక?" అని నవ్వేసేది ఆవిడ.

ఆసుపత్రి మంచం మీద పడుకుని ఆవిడ ఆ ఫోనులో చివరగా చూసింది ఒక చెప్పుల జత. నీలం రంగువి, మెత్తటి అట్టవి. "ఇంటికెళ్ళాక తెప్పించుకుంటా, కాళ్ళు మంటలు పుడుతున్నాయి," అంది. ఇంటికి రాలేదు.

వారం గడిచాక మేస్త్రీ ధైర్యం చేసి ఆ ఫోను తీశాడు. టీచరమ్మ మిషను రికార్డు నొక్కాడు. ముందు ప్రకటన వచ్చింది. నీలం చెప్పులు! ఎవతో పడుచుపిల్ల గొంతు, కిలకిలా నవ్వుతూ, "మీరు చూసి వెళ్ళిన చెప్పులు ఇంకా మీకోసమే ఎదురుచూస్తున్నాయి. తిరిగి వచ్చేయండి!" అంది. మేస్త్రీ ఫోను బల్లమీద బోర్లించేశాడు. పోయిన మనిషిని పేరంటానికి పిలిచినట్టు పిలుస్తుందే, ఇదెక్కడి చోద్యం!

కానీ మానగలడా? ఆవిడ గొంతు కావాలంటే ఆ పిల్ల గొంతు దాటుకునే వెళ్ళాలి. రోజూ విన్నాడు, రోజుకి పదిసార్లు విన్నాడు. రానురాను ఏమైందంటే, ఫోను లేకుండా భార్య మాట తలుచుకున్నా ముందు ఆ పిల్లే వచ్చి నిలబడేది. మిషను చక్రం తిప్పినా అదే పలుకు. ఇలాగే సాగితే అసలు గొంతు తనలోంచి జారిపోతుందని భయం పట్టుకుంది మనిషికి.

ఒకరోజు పొద్దున్నే ఫోను మరీ మొరాయించింది. ప్రకటన మీద ప్రకటన. మూసే గుర్తేమో ఆవగింజంత, ఆయన వేలేమో రోకలంత. ఎక్కడో తగలడం, ఇంకోటి తెరుచుకోవడం. తల ప్రాణం తోకకొచ్చింది. "నీ దుంపతెగ, ఉండు, నీకు సర్వీసింగే మందు," అన్నాడు. ఆయన వృత్తిలో ఒకటే సూత్రం. ఎంత మొండి మిషనైనా విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తే దారికొస్తుంది. యాప్‌ని తీసేసి మళ్ళీ ఎక్కించడం కూతురు చేస్తుంటే ఇదివరకోసారి చూశాడు. తీసేయబోతుంటే తెరమీద ఏదో డబ్బా అడ్డం వచ్చి ఏదో అడిగింది. రోజుకి వంద డబ్బాలు అడ్డం వస్తుంటే, చదవకుండా 'సరే' కొట్టడం వేళ్ళకి అలవాటైపోయింది. కొట్టేశాడు.

మళ్ళీ ఎక్కించి తెరిస్తే, 'ఇక్కడ రికార్డులేమీ లేవు' అని ఉంది.

కూతురు పరుగెత్తుకొచ్చింది. ఫోన్లు బాగుచేసే షాపులు మూడు తిరిగింది. అందరూ తల అడ్డంగా ఊపినవాళ్ళే. "ఎంతమంది మిషన్లు బాగుచేశానే! మీ అమ్మని మాత్రం నా చేత్తో నేనే తుడిచేశాను," అని ఆ నూనె చేతులతోనే మొహం కప్పుకుని బావురుమన్నాడు మేస్త్రీ.

నెల తర్వాత కూతురు వచ్చేసరికి ఆయన బల్ల దగ్గర కూచుని ఫోను వింటున్నాడు. ఆ చెప్పుల పిల్లే. ప్రకటన అయిపోయింది, తర్వాత ఏమీ లేదు. మళ్ళీ నొక్కాడు. కూతురు తీసి చూస్తే, అందులో ఒక్కటే రికార్డు. ఎవరూ మాట్లాడకుండా, ఖాళీ గది చప్పుడుతో చేసింది.

"ఎందుకు నాన్నా ఈ నరకం? ఉండు, డబ్బు కట్టేసి ఆ ప్రకటన ఆపేస్తా," అని నొక్కబోయింది.

జన్మలో కూతురి మీద కేక వేసి ఎరగని మనిషి, ఆ రోజు వేశాడు.

"ముట్టుకోకు దాన్ని! మీ అమ్మ పోయిందని నువ్వూ ఒప్పేసుకున్నావు, నేనూ ఒప్పేసుకున్నాను. ఆ పిల్ల ఒక్కతే ఇంకా ఒప్పుకోలేదే. తిరిగి వచ్చేయమని ఇంకా పిలుస్తూనే ఉంది. అది వినడానికే ఆ ఖాళీ రికార్డు చేసుకున్నా. దాని నోరు కూడా నొక్కేస్తే, మీ అమ్మని పిలిచేవాళ్ళెవరే ఇంక?"

కూతురు ఫోను ఆయన చేతిలో పెట్టి, పక్కన ఇంకో స్టూలు వేసుకుని కూచుంది. మేస్త్రీ మళ్ళీ నొక్కాడు.