షెడ్డక్క ఎడమ చెయ్యి

నేను ముప్పై ఒక్క ఏళ్లు తూనికలు, కొలతల శాఖలో పనిచేశాను. కొట్టుకొట్టుకీ తిరిగి, కాటాల కింద అంటించిన అయస్కాంతాలు పీకి, అరిగిపోయిన రాళ్లు పట్టుకుని, దుకాణదారుల చేత మూడు చెరువుల నీళ్లు తాగించిన మనిషిని. ముల్లు చూపించింది నమ్ముతాను తప్ప మనిషి చెప్పింది నమ్మను. మా ఆవిడ "ఇవాళ ఎండ ఎక్కువగా ఉందండీ" అంటే లేచి వెళ్లి, గోడకున్న థర్మామీటరు చూసొచ్చి, అప్పుడు అవునంటాను. అలాంటి నాకు అరవై నాలుగో ఏట ఒక మనిషి చెయ్యి చూసి నోట మాట రాలేదు. ఆ చెయ్యి షెడ్డక్కది.

మా కాలనీ పట్టణానికి ఒక చివర ఉంటుంది. నాలుగు వందల పైచిలుకు ఇళ్లు, మధ్యలో ఎత్తైన నీళ్ల ట్యాంకు, దాని కాళ్ల దగ్గర రేకుల షెడ్డు. ఇళ్లలో వాడి పడేసిన కాయితాలు, ప్లాస్టిక్కు, డబ్బాలు, సీసాలు అన్నీ నీలం సంచుల్లో ఆ షెడ్డుకి చేరతాయి. ఎనిమిది మంది ఆడవాళ్లు వాటిని వేరు చేస్తారు. వాళ్లకి పెద్ద షెడ్డక్క. పంతొమ్మిదేళ్ల కిందట ట్యాంకు కాపలాకని వచ్చిన మనిషి, ట్యాంకు చుట్టూ జనం పారబోసే చెత్త చూసి ఒళ్లు మండి, ఒక గోనెసంచిలో కాయితాలూ ఇంకో దాంట్లో సీసాలూ ఏరడం మొదలుపెట్టింది. ఎవరూ చెయ్యమనలేదు. ఆ రెండు గోనెసంచులే పెరిగి పెరిగి షెడ్డయ్యాయి. ఆమె అసలు పేరు ఎవరూ వాడరు. ఆమెకన్నా పదేళ్లు పెద్దవాణ్ణి, నేను కూడా అక్కా అనే పిలుస్తాను.

రిటైరయ్యాక నన్ను కాలనీ సంఘానికి సెక్రటరీని చేశారు. ఊరికే కూర్చుంటే నేను నేనెందుకవుతాను? రీసైక్లింగుకి ఒక పద్ధతంటూ ఉండాలని పదకొండు నియమాలతో ఒక సర్క్యులర్ రాసి, అచ్చు వేయించి, ప్రతి గేటుకీ అంటించాను. అందులో ఏడో నియమం: "ఇచ్చు ప్రతి వస్తువును శుభ్రముగా కడిగి ఇవ్వవలెను." సంఘం మీటింగులో చప్పట్లు కొట్టారు. నేను గాల్లో తేలిపోయాను.

ఆ తర్వాతి నెలే కాగితం మిల్లు మా లోడు వెనక్కి పంపింది. మిల్లు మనిషి దగ్గర రెండు సూదుల మీటరు ఒకటుంటుంది. కట్టలోకి గుచ్చితే కాయితంలో తేమ ఎంతుందో అంకె చూపిస్తుంది. పన్నెండు దాటితే తీసుకోరు. మాది పదహారు చూపించింది. మరుసటి నెల పంతొమ్మిది. అన్నీ ఎండబెడదామంటే షెడ్డు ముందున్న జాగా రెండు మంచాలు పడితే ఎక్కువ. ఈలోగా మునిసిపల్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మూడో లోడు కూడా వెనక్కి వస్తే షెడ్డు మూసేస్తారట, అంతా కలిపి ఊరి బయటి చెత్తగుట్ట మీద పోస్తారట. పంతొమ్మిదేళ్ల పనీ, ఎనిమిది మంది ఉపాధీ ఒక్క సంతకంతో సరి.

నేను షెడ్డక్కని సంఘం గదికి పిలిపించాను. అధ్యక్షుడైన ప్లీడరు గారు కూడా ఉన్నారు.

"తడి ఏ ఇళ్ల నుంచి వస్తోందో నీకు తెలుసా అక్కా?" అన్నాను.

"తెలుసు సార్."

"సంచులన్నీ ఒకటే రంగు. నంబర్లు కూడా లేవు. ఎలా తెలుసు?"

"పంతొమ్మిదేళ్లుగా అవే ఇళ్లు కదా సార్. తెలిసిపోతుంది."

"అయితే జాబితా ఇవ్వు. నోటీసు బోర్డుకెక్కిస్తాను. సిగ్గుతోనైనా దారికొస్తారు."

"ఇవ్వను సార్."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "షెడ్డు మూతపడినా ఇవ్వవా?"

"మూతపడితే పడనివ్వండి. జనం పక్కింటివాళ్లకి కూడా చూపించనివన్నీ నా చేతుల్లో పెడుతున్నారు. ఎవరు తాగుతున్నారో, ఎవరికి జబ్బు చేసిందో, ఎవరు ఉత్తరం రాసి చింపేశారో, అన్నీ నాకు తెలుస్తాయి. అవి చూసి నోరు విప్పితే ఆ షెడ్డు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అది కాదు గానీ సార్, మీ సర్క్యులర్లో ఆ ఏడోది..."

"నియమాల సంగతి మేం చూసుకుంటాం. నువ్వు సంచుల సంగతి చూసుకో," అని నోరు మూయించాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఆమె చెప్పకపోతే నేనే పట్టుకుంటాననుకున్నాను. పాత స్నేహితుడి దగ్గర తేమ మీటరు అడిగి తెచ్చి, నోటుపుస్తకం చంకలో పెట్టుకుని, మర్నాడు ఉదయం ఏడింటికల్లా షెడ్డులో దిగాను. ఆమె బల్ల ముందు నిలబడి ఉంది. కుడిచేతికి తొడుగుంది, ఎడమచేతికి లేదు. ఎడమచేతి వెనక వైపు ఒక కాయితాల కట్టకి ఆనించి, "పధ్నాలుగు" అని పక్కకి పెట్టింది.

"ఏంటి పధ్నాలుగు?"

"తేమ సార్."

నవ్వొచ్చింది. మీటరు గుచ్చాను. పధ్నాలుగు. ఇంకో కట్ట తీసి ఆమె "తొమ్మిది" అంది. తొమ్మిది. ఇలాంటి కనికట్టు విద్యలు సంతల్లో చాలా చూశాను, నా దగ్గర పప్పులుడకవు అనుకుని వరసగా గుచ్చుకుంటూ పోయాను. పదహారు కట్టలు సరిపోయాయి. పదిహేడోదానికి ఒక అంకె తేడా వచ్చింది. హమ్మయ్య అనుకున్నాను. మీటరు బ్యాటరీ మార్చి మళ్లీ గుచ్చితే ఆ తేడా కూడా పోయింది.

"ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాను.

"మిల్లాయన సూది గుచ్చినప్పుడల్లా ఆయన వెనకాలే అక్కడ చెయ్యి పెట్టి చూసేదాన్ని సార్. అంకె ఆయన చెబుతాడు, చెయ్యి గుర్తుపెట్టుకుంటుంది. ఏళ్లు పట్టింది లెండి."

ఒక్క తేమే కాదు. ప్లాస్టిక్కు ముక్కని చెవి దగ్గర నలిపి, ఆ చప్పుడును బట్టి ఏ రకమో చెప్పి, అటు చూడకుండానే ఆ రకం బుట్టలోకి విసురుతుంది. గురి తప్పదు. నేను ముప్పై ఒక్క ఏళ్లు పరికరాలకి ముద్రలు వేశాను. ఇలాంటి పరికరం దేవుడి దగ్గర కూడా ఇంకోటి ఉండదనిపించింది. ఆమెని "మీరు" అనడం ఎప్పుడు మొదలుపెట్టానో నాకే తెలియదు, ఆ పూటే మొదలైంది.

బల్ల కింద ఒక రేకు డబ్బా ఉంది. అందులో పాత బ్యాటరీలు, మందుల సీసాలు, మాత్రల అట్టలు. ఇవి మిల్లుకి వెళ్లవని, నెలకోసారి ఆస్పత్రివాళ్లు వచ్చి తీసుకెళ్తారని చెప్పింది. మాట్లాడుతూనే అందులోంచి ఒక మాత్రల అట్ట తీసి, చూసి, ఆగి, నా వైపు ఒక చూపు చూసి మళ్లీ డబ్బాలో వేసింది. నేను పట్టించుకోలేదు.

తర్వాత ఇంకో సంచి విప్పింది. బల్ల మీద నీళ్లు పారాయి. తళతళలాడే పాల ప్యాకెట్లు, ఒక్కోదాంట్లో అరగ్లాసు నీళ్లు. వాటి కింద న్యూస్‌పేపర్లు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్దయ్యాయి. పైన ఉన్న పేపర్లో పదకేళి గళ్లు, ఆ గళ్ల నిండా ఆకుపచ్చ సిరా. కాలనీ మొత్తం మీద ఆకుపచ్చ సిరా వాడేవాడు ఒక్కడే. ఆఫీసరుగా పట్టిన అలవాటు, మానుకోలేకపోయాను.

నా మొహంలో కత్తివేటుకి నెత్తుటి చుక్క లేదు. షెడ్డక్క ఆ పేపరు తీసి, గళ్లు కనబడకుండా బోర్లా తిప్పి, చెయ్యి ఆనించి "ఇరవై ఒకటి" అంది. నేను సూది గుచ్చలేదు.

ఇంటికెళ్లి మా ఆవిడని అడిగాను, "ప్యాకెట్లు అలా నీళ్లతోనే సంచిలో పడేస్తావేం?"

"మీరే కదండీ రాశారు, ప్రతిదీ కడిగి ఇవ్వాలని! సెక్రటరీ గారి ఇంట్లోనే పాటించకపోతే నలుగురూ ఏమనుకుంటారని మూడేసి సార్లు కడుగుతున్నాను."

"మరి ఆరబెట్టొద్దూ?"

"ఆరబెట్టమని రాయలేదు కదా."

అక్కడితో నా గాలి పూర్తిగా పోయింది. మా కాలనీవాళ్లకి నోటితో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు, అచ్చు వేసి ఇస్తే మాత్రం అక్షరం పొల్లు పోనివ్వరు. ప్లీడరు గారింట్లో న్యూస్‌పేపర్లు కూడా తడిబట్టతో తుడిచి ఇస్తున్నారట, తర్వాత ఆయన భార్యే చెప్పింది.

సాయంత్రం మళ్లీ షెడ్డుకెళ్లాను. "పన్నెండో నియమం రాస్తాను అక్కా. ఆరబెట్టవలెను అని."

"వద్దు సార్, మీకు దణ్ణం పెడతా. మీరు రాసింది చాలు, ఇప్పటికే మునిగాం," అని నవ్వింది. "ఒక తాడు, కొన్ని బట్టల క్లిప్పులు తెచ్చిపెట్టండి."

గేటు స్తంభం నుంచి ట్యాంకు కాలి దాకా రోడ్డు వారగా తాడు కట్టింది. సంచుల్లోంచి తీసిన పాల ప్యాకెట్లు బోర్లించి, వరసగా క్లిప్పులు పెట్టింది. దారిన పోయేవాళ్లు ఆగి ఇదేంటక్కా అంటే, "తడికి కాయితం చెడిపోతోందమ్మా, ఆరబెడుతున్నా" అనేది. అంతకుమించి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు.

ఆదివారం సంఘం మీటింగులో జనం జాబితా ఏదని నా మీద పడ్డారు. లేచి నిలబడ్డాను. "జాబితా ఉంది. అందులో ఒక్కటే ఇల్లు. మాది," అని ఏడో నియమం దగ్గర్నుంచి ఇరవై ఒకటి దాకా అంతా చెప్పేశాను. ప్లీడరు గారి భార్య పకాలున నవ్వింది. "మాదీ రాసుకోండి సెక్రటరీ గారూ," అంది. మా ఇల్లూ, మా ఇల్లూ అని అన్ని మూలల నుంచీ లేచారు.

షెడ్డక్క మాత్రం బయట నన్ను నిలదీసింది. "ఎందుకు చెప్పారు సార్? నేను దాచింది దేనికి? అమ్మగారు ఎంత బాధపడతారు?"

"ఆవిడే చెప్పమంది అక్కా."

ఆమె కోపం అప్పటికి గానీ దిగలేదు.

పది రోజుల తర్వాత ఒక ఉదయం ఆమె నన్ను ట్యాంకు మెట్లెక్కించింది. మోకాళ్లు పట్టుకుంటూ సగం దాకా ఎక్కి వెనక్కి తిరిగాను. కళ్లు చెదిరాయి. కాలనీలో ప్రతి మేడ మీదా, ప్రతి బాల్కనీలోనూ, బట్టల తీగల మీద చొక్కాల పక్కన, దుప్పట్ల పక్కన పాల ప్యాకెట్లు వేలాడుతున్నాయి. కొన్ని వందలు. గాలికి అన్నీ ఒకేసారి తిరిగి ఎండలో మెరిశాయి. పదకొండు నియమాలతో నేను పాడుచేసింది ఈమె ఒక్క తాడుతో బాగుచేసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

మూడో లోడు రోజు వచ్చింది. లారీ ఆగింది. ఎనిమిది మంది ఆడవాళ్లూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. మిల్లు మనిషి మీటరు తీస్తుంటే షెడ్డక్క ఎడమ చెయ్యి కట్టల మీద ఒకసారి పోనిచ్చి, నాకొక్కడికే వినబడేలా "పదకొండు" అంది. ఆయన మూడు చోట్ల గుచ్చాడు. పదకొండు, పది, పదకొండు. నమ్మకం కుదరక నాలుగోసారి గుచ్చాడు. పదకొండు. కాయితం మీద సంతకం పెట్టి, "ఇంత పొడి సరుకు ఈమధ్య ఎక్కడా చూడలేదు" అన్నాడు. ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని గోల గోల చేశారు. షెడ్డక్క కుళాయి దగ్గరికెళ్లి చాలాసేపు మొహం కడుక్కుంది.

లారీ వెళ్లిపోయాక నన్ను పక్కకి పిలిచింది.

"సార్, నేనెప్పుడూ ఈ పని చెయ్యలేదు. మీ ఇంటి మాట మీరే నలుగురిలో చెప్పుకున్నారు కాబట్టి, ఈ ఒక్కటీ మీకు చెబుతాను. ఇంకెవరికీ చెప్పను."

రేకు డబ్బా తెరిచి, ఆస్పత్రివాళ్లకి ఇవ్వకుండా అడుగున దాచి ఉంచిన మాత్రల అట్టలు ఆరు తీసి నా చేతిలో పెట్టింది. మా ఆవిడ బీపీ మాత్రలు. ఒక్క మాత్ర కూడా కదల్లేదు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

"మూడు నెలలుగా ఇలాగే వస్తున్నాయి సార్. అప్పుడే చెబుదామనుకున్నా. నోరు రాలేదు."

బీపీ చూసే మిషను నా బీరువాలోనే ఉంది. సరిగ్గా పనిచేస్తోందో లేదో ఏటా పరీక్ష చేయించి చీటీ అంటిస్తాను. మా ఆవిడ చేతికి దాన్ని ఆఖరిసారి ఎప్పుడు కట్టానో గుర్తు రాలేదు.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. మా ఆవిడ మేడ మీద ప్యాకెట్లు తీస్తోంది. అట్టలు చూపిస్తే ముందు తలదించుకుంది. "వేసుకుంటే కళ్లు తిరుగుతున్నాయండీ. మీరేమో కాలనీ పనుల్లో తలమునకలుగా ఉన్నారు, మళ్లీ డాక్టరంటే విసుక్కుంటారని..." అంది. నేను మిషను తేవడానికి లేవలేదు. ముందు ఆవిడ చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

మర్నాడు డాక్టరు మాత్రలు మార్చాడు. నెల తిరిగాక ఒక ఉదయం షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే షెడ్డక్క బల్ల దగ్గర్నుంచి తలెత్తి, "అట్టలు ఖాళీగా వస్తున్నాయి సార్," అంది.