సావర్‌బ్రై అంటే పుల్లని జావ

మా చిన్నప్పుడు... షామ్‌బర్గ్‌లో నేను నాలుగో గ్రేడ్ చదువుతుండగా, ఒక శుక్రవారం మా టీచర్ అందరికీ ఒకటే హోంవర్క్ ఇచ్చారు. మీ ఇంటిపేరు ఎక్కడ పుట్టింది, దాని అర్థమేమిటి, ఊరి ఫోన్ బుక్‌లో ఆ పేరువాళ్లు ఎంతమంది ఉన్నారు... ఇవన్నీ కనుక్కుని సోమవారం క్లాసులో చదవాలి.

నా పని తేలిగ్గానే అయిపోయింది. మా ఇంటిపేరు నేతి. "నెయ్యి అమ్మారో, నెయ్యి తెగ తిన్నారో... ఏదో ఒకటి చేసుంటారు మనవాళ్లు" అని నవ్వేశారు నాన్న. ఫోన్ బుక్‌లో మేమొక్కళ్లమే.

చిక్కల్లా నా స్నేహితురాలు కార్లాకి వచ్చింది. మా బిల్డింగ్‌లోనే కింది అంతస్తులో వాళ్ల అమ్మతో, అమ్మ తండ్రితో ఉండేది. తాతను జర్మన్‌లో 'ఓపా' అని పిలిచేది... నేనూ అలాగే పిలిచేదాన్ని. కార్లాకి ఆ తాత ఇంటిపేరే ఉండేది. సావర్‌బ్రై.

శనివారం పొద్దున్నే ఇద్దరం ఓపా దగ్గర కూర్చున్నాం.

"సావర్ అంటే పులుపు. బ్రై అంటే జావ" అన్నాడు ఓపా. "మా పూర్వీకుడెవరో ధాన్యం పులియబెట్టి జావ కాచుకునేవాడు కాబోలు. ఊళ్లోవాళ్లు వెక్కిరించడానికి పెట్టిన పేరే మాకు మిగిలిపోయింది. జర్మనీలో కూడా ఈ పేరువాళ్లు చాలా తక్కువ."

ఫోన్ బుక్ తిరగేశాం. ఒకే ఒక్క లైను... ఓపాదే. ఆయన దాని మీద వేలు పెట్టి, చాలాసేపు తియ్యలేదు.

బయటికి రాగానే కార్లా నా చెయ్యి పట్టుకుంది. "అర్థం తెలీలేదని రాస్తాను. నువ్వు ఎవరికీ చెప్పకు, ప్లీజ్." సరేనని మాటిచ్చాను.

సోమవారం కార్లా అలాగే చదివింది. "అంత అరుదైన పేరుకి అర్థం దొరకలేదా! అయ్యో" అన్నారు టీచర్. ఆ వయసులో తెలిసిన జవాబు నోట్లో ఆగుతుందా... చెయ్యెత్తి అరిచేశాను. "పుల్లని జావ!"

క్లాసంతా గొల్లున నవ్వింది. నేనూ నవ్వాను... కార్లా మొహం చూసేదాకా.

ఆ రోజు నుంచి స్కూల్ బస్సులో తను ఎక్కితే చాలు, పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్లు. కార్లా నాతో మాటలు మానేసింది.

ఆ వేసవిలో వాళ్ల అమ్మ మళ్లీ పెళ్లి చేసుకోబోతోంది. పేరు మార్చుకోనని అప్పటిదాకా మొండికేసిన కార్లా, కాబోయే నాన్న ఇంటిపేరు పెట్టుకుంటానని ఒప్పేసుకుందట. లాండ్రీ రూములో వాళ్ల అమ్మ మా అమ్మతో చెబుతుంటే విన్నాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

అప్పుడు మా అమ్మమ్మ పిఠాపురం నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని జరిగిందంతా చెప్పేశాను.

"పుల్లని జావా? మన తరవాణేగా!" అంది అమ్మమ్మ. "గంజిలో అన్నం వేసి పులవబెట్టుకుని, వేసవంతా పొద్దున్నే అదే తిని పెరిగాం మేము. ఆ పిల్ల సిగ్గుపడాల్సిందేమీ లేదు. మాటిచ్చి చెప్పేశావు చూడు... సిగ్గు నీకుండాలే."

అపార్ట్‌మెంట్‌లో తరవాణి కుండ ఎక్కడ దొరుకుతుంది? ఊరగాయ జాడీ ఖాళీ చేసి కడిగి, గంజి పోసి, అన్నం వేసి, మూతికి గుడ్డతో వాసెన కట్టి స్టౌ పక్కన పెట్టింది. మూడో రోజుకి ఇల్లంతా పులుపు వాసన. "పక్కవాళ్లు కంప్లైంట్ చేస్తారే అమ్మా..." అంటూ అమ్మ కిటికీలన్నీ తెరిచింది.

శనివారం నేనొక్కదాన్నే కిందికి వెళ్లి తలుపు తట్టాను. ఓపాకీ, ఆయన వెనక నిలబడ్డ కార్లాకీ సారీ చెప్పి, మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. కార్లా వచ్చింది కానీ, నా వైపు చూడలేదు.

అమ్మమ్మ గిన్నెల్లో తరవాణి అన్నం వడ్డించి, పక్కన ఉల్లిపాయ ముక్కలు పెట్టింది. ఓపా ఒక్క చెంచా నోట్లో పెట్టుకున్నాడు.

"మా అమ్మ వంటింట్లో ఇదే వాసన ఉండేది" అన్నాడు.

నేను అమ్మమ్మకి తెలుగులో చెప్పాను. "ఇంకొంచెం వెయ్యనా అన్నయ్యగారూ?" అని అమ్మమ్మ గరిటె ఎత్తింది. ఆ మాట ఆయనకేం అర్థమైందో... గిన్నె ముందుకు జరిపాడు.

కార్లా రెండు చెంచాలు తిని మొహం చిట్లించింది. "మరీ అంత ఘోరంగా ఏం లేదు" అంది నాతో. రెండు వారాల తర్వాత తను నాతో అన్న మొదటి మాట అది.

పేరు మాత్రం మారిపోయింది. అప్పటికే కాగితాలు కోర్టుకి వెళ్లిపోయాయట. పెళ్లయ్యాక వాళ్లు విస్కాన్సిన్ మారిపోతున్న రోజు, కారెక్కబోతూ కార్లా నన్ను పక్కకి లాగింది.

"నాకు పాత పేరే ఇష్టం. ఓపాతో మాత్రం అనకు... నా కోసమే ఈ పేరు మార్పుకి సరేనన్నాడు. తెలిస్తే బాధపడతాడు."

ఈసారి చెప్పలేదు.

ఓపా ఇంకా కొన్నేళ్లు అదే ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. మెయిల్‌బాక్సుల దగ్గర కనిపిస్తే, "కార్లా కొత్త పేరుతో సంతోషంగానే ఉన్నట్టుంది కదూ?" అని అడిగేవాడు. నేను తలూపి మెట్లెక్కేసేదాన్ని. నేను హైస్కూల్‌లో ఉండగా ఆయన పోయాడు.

చెప్పేయాల్సింది... మనవరాలికి తన పేరంటే ఇష్టమని ఒక్కసారైనా విని పోయేవాడు. ఆ రోజు క్లాసులో నోరు జారినందుకు కార్లా ఎప్పుడో క్షమించేసింది. నోరు మూసుకున్నందుకే నాకిప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇప్పుడు ఇర్వింగ్‌లో మా అమ్మాయి క్లాసులో, ఎంత పొడుగు పేరైనా టీచర్ రెండుసార్లు అడిగి మరీ సరిగ్గా పలుకుతున్నారు. ఎవరూ నవ్వడం లేదు. చాలా సంతోషం. కానీ పేరుకి అర్థం కావాలంటే పిల్లలు ఫోన్‌ని అడుగుతున్నారు... ఇంట్లో పెద్దవాళ్లని అడగడం లేదు.

మీ ఇంటిపేరు సంగతి మీకెవరు చెప్పారు? ఆ మనిషి ఇంకా ఉంటే ఇవాళే ఫోన్ చేసి, ఆ పేరు మీకిష్టమని చెప్పండి... ఏమన్నారో వచ్చి ఇక్కడ రాయండి. చదవాలనుంది.